ముప్పై నాలుగు మిల్లీమీటర్లు

నవత సూరత్‌లోని భేస్తాన్‌లో మరమగ్గాల కార్ఖానాల వెనక గల్లీలో పుట్టి పెరిగింది. తండ్రి గంగారాం జగిత్యాల దిక్కు నుంచి సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లు మగ్గాల మధ్య నిలబడి పనిచేశాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. అందుకని ఆ ఇంట్లో అందరికీ గట్టిగా అరిచి మాట్లాడే అలవాటు. బడిలో కూడా అట్లాగే మాట్లాడితే గుజరాతీ టీచరమ్మ చెవులు మూసుకునేదట.

సివిల్ డిప్లొమా పూర్తిచేసి ఒక కాంట్రాక్టు కంపెనీలో సర్వే పనికి చేరింది. మొదటి ఏడాదంతా మూడుకాళ్ల స్టాండు భుజాన మోయడమే పని. రెండో ఏడాది ఎవరూ లేనప్పుడు టోటల్ స్టేషన్ ముట్టుకుంది. దుర్బీనులాంటి ఆ యంత్రం దూరాన ఉన్న గుర్తు మీదికి కాంతిని పంపి, అది తిరిగొచ్చిన తీరును బట్టి దూరమూ కోణమూ చెబుతుంది. ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు చెప్పే రిసీవరు వేరే ఉంటుంది. రెండింటినీ నడిపే సాఫ్ట్‌వేరు చేతిలో పట్టుకునే కంట్రోలరులో ఉంటుంది. నవత దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. భోజనం వేళ ఒక్కో మెనూ తెరిచి, తప్పులు చేసి, దిద్దుకుని పట్టు సాధించింది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేసరికి కంపెనీలో ఎక్కడ స్తంభం లేవాలన్నా, ఎక్కడ గోడ మొదలుకావాలన్నా ఆ చోటు ఆమే చూపించాలి.

"గంత పెద్ద దుర్బీను వెట్టి ఏం జూస్తవ్ బిడ్డా?" అని గంగారాం అడిగేవాడు.

"భూమ్మీద ఏది యాడున్నదో చూస్త బాపూ."

"యాడికి వోతది? ఏడున్నది గాడ్నే ఉంటది," అని ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు మార్చిలో ఆల్థాన్‌కూ భేస్తాన్‌కూ నడుమ ఒక బట్టల మార్కెట్ కట్టడం మొదలైంది. కింద రెండు అంతస్తుల సెల్లారు. అందుకు తొమ్మిది మీటర్ల లోతు గుంత తవ్వాలి. గుంతకు ఆనుకునే ఒక సేఠ్‌ది పాత మూడంతస్తుల కార్ఖానా ఉంది. కిందా, మొదటి అంతస్తులోనూ మగ్గాలు. పైన ఆ మగ్గాలు నడిపే కారీగర్లు పడుకునే గదులు. వాళ్లలో ఎక్కువమంది తెలంగాణ వాళ్లే. రోడ్డు వైపు గదిలో లింగవ్వ మెస్ నడిపేది. సైటుకు వచ్చిన మొదటిరోజే నవత అక్కడ పచ్చిపులుసు వాసన పట్టి లోపలికి పోయింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం బువ్వ అక్కడే.

సైటు ఇన్‌ఛార్జి ఉమాకాంత్ కూడా ఆ గల్లీల్లో పెరిగినవాడే. నవతకు ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే. ఆమె అతన్ని అన్నా అనేది, అతను ఆమెను చెల్లె అనేవాడు.

యంత్రం రోజూ పొద్దున తానెక్కడ నిలబడిందో ముందు తెలుసుకోవాలి. అందుకు చుట్టూ కదలని గుర్తులు కొన్ని ఉండాలి. నవత నాలుగు మెరిసే స్టిక్కర్లు అతికించింది. రెండు రోడ్డవతలి అపార్టుమెంటు స్తంభాలకు, రెండు కార్ఖానా గోడకు. గుంతకు అంత దగ్గరి గోడను నమ్మకూడదని ఆమెకు తెలుసు. ఆ మాట ఉమాకాంత్‌తో అంది కూడా.

"అన్నీ రోడ్డవతల వెడితే లారీలు అడ్డమొస్తయ్ చెల్లె. గోడ ముప్పై ఏండ్ల సంది ఉన్నది. ఏడికి వోతది?" అన్నాడు.

మొదటి మూడు వారాలు బాగానే గడిచాయి. ప్రతి సోమవారం గుర్తులను పాత విలువలతో సరిచూసేది. ఏప్రిల్ ఎనిమిదో తారీకు సోమవారం, యంత్రం పెట్టి అట్లా చూడగానే కంట్రోలరు మీద పసుపు పట్టీ వచ్చింది. కార్ఖానా గోడ మీది గుర్తు పాత చోటుకు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉందట. కొత్త విలువ తీసుకోవాలా, వద్దా అని అడుగుతోంది. నవత స్టాండు కాళ్లు మళ్లీ నేలలోకి తొక్కింది. యంత్రం మట్టంగా ఉందో లేదో చూపే బుడగ సరిచేసింది. స్టిక్కర్ తుడిచి వచ్చింది. మళ్లీ మూడే.

ఫోన్ చేస్తే ఉమాకాంత్ విసుక్కున్నాడు. "మూడు మిల్లీమీటర్లకు గింత లొల్లా? ఎండకు గోడ సాగుతది. అవును కొట్టు. ఈడ తవ్వే మిషిన్ ఖాళీగ నిలవడ్డది."

నవత అవును నొక్కింది. పసుపు పట్టీ పోయింది. తర్వాతి సోమవారం మళ్లీ వచ్చింది, ఈసారి నాలుగు. మళ్లీ నొక్కింది. ఆ తర్వాత అది పొద్దున్నే చాయ్ తాగినట్టు అలవాటైపోయింది. ప్రతి సోమవారం రెండో, మూడో, నాలుగో. నొక్కితే పోయేది. పోయినదాన్ని ఎవరు తలుచుకుంటారు?

జూన్ పదో తారీకు సోమవారం పట్టీ మీద ఆరు అని వచ్చింది. అంత ఎన్నడూ రాలేదు. నవత వేలు అవును దాకా పోయి ఆగింది. ఆరోజు కాంక్రీటు బండి ఆలస్యమైంది, తొందరపెట్టేవాళ్లు లేరు. స్టాండు పక్కనే ఇటుకల మీద కూర్చుని పాత ఫైలు తెరిచింది. ఆ సాఫ్ట్‌వేరు మనం ఒప్పుకున్నప్పుడల్లా గుర్తు విలువ మారుస్తుంది గాని, అసలు కొలిచిన కొలతలను చెరిపెయ్యదు. అడుగున ఒక ఫైలులో తారీకు, నిమిషంతో సహా అన్నీ ఉంటాయి. ఎవరూ దాన్ని తెరవరు.

తొమ్మిది సోమవారాల తేడాలు ఒకదాని కింద ఒకటి రాసుకుంది. ఎండవల్ల అయితే ఒకసారి అటు, ఒకసారి ఇటు పోవాలి. ఇవి అన్నీ ఒకే దిక్కు, గుంత దిక్కు. ఆరోజు ఆరుతో కలిపి ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. కిందికి పందొమ్మిది.

 తప్పు తనదే అయితే బాగుండునని అప్పుడు కోరుకుంది. ఉపగ్రహ రిసీవరు తీసుకుపోయి పని మొదట్లో రోడ్డవతల నేలలో దిగ్గొట్టిన ఇత్తడి మేకుల్లో ఒక్కోదాని మీద రెండేసి గంటలు నిలబెట్టింది. అది మిల్లీమీటరు లెక్క చెప్పలేదు గాని, అంతకు మించిన మోసం ఉంటే పట్టిస్తుంది. మేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అపార్టుమెంటు గుర్తులూ అంతే. యంత్రం కదల్లేదు, రోడ్డు కదల్లేదు. గోడ కదిలింది.

సాయంత్రం ఆమె కార్ఖానాలోకి పోయింది. మగ్గాలు ఆడుతున్నాయి. వెనక గోడకు అరచెయ్యి ఆనిస్తే పళ్లు జివ్వుమన్నాయి. కిటికీ మూల నుంచి ఒక పగులు ఏటవాలుగా నేల దాకా దిగింది. అందులో చిటికెన వేలి గోరు దూరుతోంది. ఎనిమిది మగ్గాలు చూసుకునే సదానందం అక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. సిరిసిల్ల దగ్గరి ఊరు. భార్య వజ్రమ్మ ఊళ్లోనే బీడీలు చేస్తుంది.

"ఏంది బిడ్డా, గోడకు జరమొచ్చిందా? చెయ్యి వెట్టి చూస్తున్నవ్," అని చెవి దగ్గర అరిచాడు.

"ఈ పగులు ఎప్పటి సంది ఉన్నది కాకా?"

"ఎండకాలంల వచ్చింది. సేఠ్ సిమెంటు వెట్టిచ్చిండు. మల్ల వచ్చింది."

మర్నాడు పొద్దున నవత కాగితాలు ఉమాకాంత్ ముందు పెట్టింది. అతను చాలాసేపు చూశాడు. ముఖం పాలిపోవడం ఆమె కళ్లారా చూసింది. కానీ మాట మాత్రం అట్లా రాలేదు.

"ఇది ఎవ్వరికి చూపిచ్చినవ్?"

"నీకే అన్నా."

"మంచిది. డిజైను చేసినోళ్లకు నేను పంపుత. రెండు రోజులు ఆగు. ఇప్పుడు పని ఆపితే ఎంతమంది మీద వడుతదో ఎరుకేనా? ఇంకోటి చెల్లె," గొంతు తగ్గించాడు, "తొమ్మిదిసార్లు అవును కొట్టింది ఎవరు? ఫైల్ల నీ పేరున్నది."

ఆ మాటకు నవత వెనక్కి తగ్గింది. రెండు రోజులు ఆగింది. రెండు నాలుగయ్యాయి. కార్పొరేషన్‌కు ఇవ్వాల్సిన అర్జీ ఫోన్‌లో రాసి పెట్టుకుంది. పొద్దునా సాయంత్రం తెరిచి చూసేది, పంపేది కాదు. ఈ మాట తర్వాత ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

పదమూడో తారీకు బువ్వ తింటూ లింగవ్వకు మాత్రం చెప్పింది. "అత్తా, ఈ బిల్డింగు గుంత దిక్కు జరుగుతున్నది. మీరు ఈడికెళ్లి వోవాలె."

"జరుగుతున్నదంటే? నాకైతే కనవడుతలేదు."

"కంటికి కనవడదు. నా మిషిన్‌కు కనవడుతది."

లింగవ్వ గరిటె కింద పెట్టింది. "గీ ముచ్చట సేఠ్‌కు చెప్తే, పని జెయ్యబుద్ధి గాకుంటే వొమ్మంటడు. పోరగాండ్లు ఏడికి వోతరు? నా కంటికి కనవడేది ఏదన్న ఉంటే చెప్పు, నమ్ముత."

నవత ఒక పాత ఉపాయం చేసింది. అద్దాల దుకాణంలో వెడల్పాటి పట్టీలా కోయించిన అద్దం ముక్క తెచ్చి, మెస్ వెనక గోడకు కూడా దిగిన పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటు ముద్దతో అతికించింది. పక్కన తారీకు రాసింది. "అద్దం సాగదు అత్తా. గోడ జరిగితే పలుగుతది. పలిగిన దినం ఎవ్వరి మాట ఇనకు, అందరిని తీస్కొని బైటికి వో."

పదిహేడున ఉమాకాంత్ ఆమెను అడాజన్‌లో ఒక రోడ్డు పనికి మార్చాడు. ఆమె స్థానంలో వేరే సర్వేయరు వచ్చాడు. అతను కంట్రోలరులో పాత ఫైలు తీసేసి కొత్తది తెరిచి, కార్ఖానా గోడ మీది గుర్తులను ఆనాటికి ఎక్కడున్నాయో అక్కడే సున్నాగా పెట్టుకున్నాడు. ముప్పై నాలుగు మిల్లీమీటర్లు ఆ కంట్రోలరులో లేకుండా పోయాయి. నివేదికలు తేడా ఏమీ లేదని ఆకుపచ్చగా వచ్చాయి.

ఇరవై రెండున వాన మొదలైంది. సూరత్ వాన తెలిసిందే, మొదలైతే ఆగదు. గుంతలో నీళ్లు నిండాయి. రాత్రీ పగలూ మోటార్లు తోడుతూనే ఉన్నాయి. నీళ్లతో పాటు గోడ కింది మట్టి కూడా బురదై పోతోందని నవతకు అర్థమైంది. ఇరవై నాలుగు పొద్దున అర్జీ తీసుకుని స్వయంగా కార్పొరేషన్ ఆఫీసుకు పోయింది. ముందే తీసి ఉంచుకున్న పాత ఫైలంతా కాగితాల మీద ఇచ్చింది. అక్కడి ఇంజినీరు శ్రద్ధగానే విన్నాడు. గురువారం తానే వచ్చి చూస్తానని రాసి ఇచ్చాడు.

బుధవారం పొద్దున పదింటికి లింగవ్వ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. అదే నవతను ఎక్కువ భయపెట్టింది.

"బిడ్డా, అద్దం పలిగింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. టప్పుమన్నది. నేను ఆడ్నే ఉన్న."

"అందరిని బైటికి తియ్యి అత్తా. నేనొస్తున్న," అని నవత స్కూటీ తీసింది. అడాజన్ నుంచి తాపీ వంతెన దాటి, వానలో, నీళ్లు నిలిచిన రోడ్ల మీద గంటకు పైగా పట్టింది.

ఆ గంటలో లింగవ్వ చేసింది చిన్న పని కాదు. ముందు పోయి మగ్గాల దగ్గర చెప్పింది. ఎవరూ వినలేదు. సేఠ్ మనిషి కసిరి పంపాడు. అప్పుడామె మెస్‌కు వచ్చి పొయ్యి మీద అన్నం వండిన పెద్ద గుండు గిన్నెను ఇంకో ఆడమనిషి సాయంతో దింపి రోడ్డవతలికి మోయించింది. పప్పు, పచ్చిపులుసు, పళ్లాలు, అన్నీ. అపార్టుమెంటు రేకుల కింద గిన్నెలు పరిచి, పైకి చూసి కేక వేసింది.

"ఇయ్యాల బువ్వ ఈడనే! లోపట ఒక్క మెతుకు వెట్ట. పదకొండున్నర దాటితే గుండు బోర్లేస్త. తిననోడు తినకపోండ్రి!"

రాత్రి పాళీ చేసి పడుకున్నవాళ్లు తిట్టుకుంటూ దిగారు. పగటి పాళీ వాళ్లు మగ్గాలు ఒకరికొకరు అప్పజెప్పి ముగ్గురు నలుగురుగా వచ్చారు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు కూర్చోబెట్టి, లేవబోతే ఇంకో గరిటె వేసింది. నవత చేరేసరికి ఇరవై ఆరుమంది రోడ్డవతల ఉన్నారు.

"ఇంకెవరున్నరు?"

"సదానందం. మగ్గాలు ఇడిసి రానన్నడు. పిలిస్తే ఇనవడది."

నవత కార్ఖానా తలుపు దాకా ఉరికింది. లోపల అందరి మగ్గాలూ ఆడుతూనే ఉన్నాయి. దూరాన, వెనక గోడ దగ్గర సదానందం తెగిన పోగు ముడివేస్తూ వంగి ఉన్నాడు. చిన్నప్పటి నుంచి తండ్రి కోసం అరిచిన గొంతుతో అరిచింది. ఆ చప్పుడులో ఆ గొంతు ఎక్కడికీ చేరలేదు. తలుపు పక్కనే మెయిన్ స్విచ్ కనబడింది. లాగేసింది.

మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అంతవరకూ వాటి చప్పుడు కింద దాగి ఉన్న చప్పుడు అప్పుడు వినబడింది. గోడల్లోంచి ఇసుక రాలుతున్న చప్పుడు. పైకప్పులో ఎక్కడో టిక్, టిక్ మని. ఆగి, మళ్లీ టిక్ మని.

సదానందం నడుము లేపి చుట్టూ చూశాడు. "కరెంటు వోయిందా?"

"కాకా! బైటికి రా! జల్ది!"

అతనికీ వినబడింది. కప్పు వైపు చూసి ఈవలికి అడుగులు వేశాడు. నాలుగో ఐదో. మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు. గోడ మేకుకు చొక్కా వేలాడుతోంది. జేబులో ఫోన్ ఉంది. ఆ చొక్కా దాకా చెయ్యి చాచడం నవత చూసింది.

వెనక గోడ కూలలేదు. కిందికి దిగిపోయింది, మెట్టు దిగినట్టు. దాని వెంట వెనక వైపు మూడు అంతస్తులూ గుంతలోకి జారాయి. దుమ్ము తలుపులోంచి వచ్చి నవతను మెట్ల మీద నుంచి కింద పడేసింది. కళ్లు తెరిచేసరికి లింగవ్వ ఆమె తల ఒళ్లో పెట్టుకుని నోట్లో మట్టి తీస్తోంది. రోడ్డవతల ఇరవై ఆరుమంది ఎంగిలి చేతులతో నిలబడి ఉన్నారు. 

సదానందాన్ని మర్నాడు మధ్యాహ్నానికి బయటికి తీశారు.

విచారణ మొదలైంది. పని ఆగిపోయింది. ఉమాకాంత్ మీద, కంపెనీ మీద కేసు పెట్టారు, నవత పేరూ రాశారు. కంపెనీ వకీలు ఆమె ఇంటికి వచ్చి, సాఫ్ట్‌వేరు తనంతట తానే విలువలు మార్చుకుందని చెబితే చాలు, అందరూ బయటపడతారని నచ్చజెప్పాడు. గంగారాం పక్కనే కూర్చుని కూతురి ముఖమే చూశాడు. వకీలు చెప్పింది ఆయనకు సరిగా వినబడలేదు. ఆమె తల అడ్డంగా ఊపడం మాత్రం కనబడింది.

విచారణ అధికారి ఫైలు ముందు పెట్టి, ఒక్కో సోమవారం చూపించి, ఇది ఎవరు ఒప్పుకున్నారని అడిగాడు. నవత తొమ్మిదిసార్లూ "నేనే" అంది. ఎవరు చెబితే ఒప్పుకున్నావంటే అదీ చెప్పింది. గోడ మీద గుర్తులు పెట్టొద్దని అన్నానని, కానీ గట్టిగా అనలేదని చెప్పింది. ఉమాకాంత్ ఆ గదిలోనే ఉన్నాడు. తల ఎత్తలేదు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నవతకు ఉద్యోగం పోయింది. ఏడు నెలల తర్వాత ఒక చిన్న సంస్థ పొలాల హద్దులు కొలిచే పని ఇచ్చింది. లింగవ్వ రెండు గల్లీల అవతల మెస్ పెట్టింది. ఆ ఇరవై ఆరుమందిలో సగం మంది ఊళ్లకు పోయారు, సగం మంది వేరే కార్ఖానాల్లో మగ్గాల ముందుకే పోయారు.

వజ్రమ్మ సూరత్‌కు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి శవం కోసం. రెండోసారి దసరా దాటాక, పరిహారం కాగితాల మీద వేలిముద్రకు. అప్పుడు నవతే స్టేషన్‌కు పోయి తీసుకొచ్చింది. లింగవ్వ మెస్‌లో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. వజ్రమ్మ రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపింది.

"బిడ్డా, గా గోడ జరుగుతున్నదని నీకు ఎన్నడు ఎరుకైంది?"

లింగవ్వ మాట మార్చబోయింది. నవత ఆపింది.

"జూన్ పదో తారీకు పెద్దమ్మా."

వజ్రమ్మ ఆనాటి నుంచి గోడ పడ్డ దినం దాకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. బీడీలు చుట్టి చుట్టి కొనలు నల్లబడ్డ వేళ్లు. ఒక చెయ్యి అయిపోతే రెండో చెయ్యి, మళ్లీ మొదటిది.

"పదిహేను తారీకు నాడు ఫోన్ చేసిండు నాకు," అంది. "మంచిగున్ననన్నడు. వానలు వడ్డంక వస్తనన్నడు."

నవత చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది.   వజ్రమ్మ లేచి చెయ్యి కడుక్కుని, ఆ జాగా చూపించమంది. ఇద్దరూ వానకు తడిసిన రోడ్డు మీద నడిచారు. గుంత చుట్టూ రేకులు కట్టి ఉన్నాయి. రేకుల సందులోంచి వజ్రమ్మ చాలాసేపు లోపలికి చూసింది. కింద నీళ్లు ఆకుపచ్చగా నిలిచి ఉన్నాయి. కార్ఖానాలో మిగిలిన ముందు సగం ఇంకా నిలబడే ఉంది. కింది గదిలో ఎవరో కొత్తగా తాళం తీసి, పాత మగ్గం ఒకటి తుడుస్తున్నారు.